అభ్యంతరం

మొదటి ఆదివారం, ప్రసంగానికి ముందు
సత్యదాసు అయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని
మడత కాగితం విప్పారు.
"కొత్తపేట వాస్తవ్యులు తాళ్ళూరి దేవదానం గారి కుమారుడు నెహెమ్యాకు,
మన సంఘస్థురాలు గద్దె సుగుణమ్మ గారి కుమార్తె కెజియాకు
వివాహం నిశ్చయమైనది.
ఎవరికైనా అభ్యంతరం ఉన్న యెడల తెలియజేయవలెను."
ఆ తర్వాత
పాత ఫ్యాను నాలుగు చుట్లు తిరిగేంత నిశ్శబ్దం.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది,
నవ్వో, ఏడుపో.
ఆడవాళ్ళ వైపు నాలుగో బెంచీలోంచి
నేను లేచి నిలబడబోయాను, నిజంగానే.
నాకుంది అభ్యంతరం.
ఈ కెజియా మీద.

ఈమెకు కోపమొస్తే నోరు మాట్లాడదు అయ్యగారూ,
గిన్నెలు మాట్లాడతాయి.
చెల్లెలు పోగొట్టిన చెవిదుద్దు
తారీఖుతో సహా గుర్తు ఈమెకు.
ఎవరు ఎప్పుడు ఏమన్నారో
పాల లెక్కలా లోపలి గోడ మీద బొగ్గుతో గీసుకుంటుంది.
ప్రేమ లెక్కలు రాసుకోదని
ఆదివారబడి పిల్లలకు చెప్పేది కూడా ఈమే.

నిలబడలేదు.
పాట నంబరు చెప్పారు. అందరితో పాటు లేచాను.

బుధవారం పార్సనేజీలో
మా ఇద్దర్నీ చెరో కుర్చీలో కూర్చోబెట్టి
అయ్యగారు హాలు బుక్కయిందా అని అడగలేదు.
"కోపమొచ్చినప్పుడు నీ చేతులేం చేస్తాయి?" అన్నారు.
నెహెమ్యా తన చేతుల వంక చూసుకున్నాడు,
ఎవరివో అన్నట్టు.
"జేబులో పెట్టుకుని బయటికెళ్ళిపోతానండీ.
ఒకసారి నాలుగు రోజులు ఇంటికి రాలేదు."
టీ కప్పులు దించుతూ అమ్మగారు
"ఈయన వారం" అన్నారు.
అయ్యగారికి దగ్గొచ్చింది.

రెండో ఆదివారం నేను లేను.
పెద్దాసుపత్రిలో డ్యూటీ, సూదికి నరం దొరకని ముసలాయన దగ్గర.
ఎవరూ లేవలేదని అమ్మ ఫోన్ చేసింది,
పరీక్ష పాసైనట్టు.

ఆ శుక్రవారం మిర్చి యార్డు గేటు ముందు
కాటా గుమాస్తా బట్టల్లోనే వచ్చాడు,
జేబులో తూకం చీటీలు, రెప్పల మీద ఎర్ర దుమ్ము.
నేను రెండు తుమ్ములు తుమ్మాక చెప్పాడు:
తమ్ముడి చదువుకు తెచ్చిన అప్పు,
లక్షా ఇరవై వేలు,
మా మాటలనాడే చెప్పాల్సింది, చెప్పలేదు.
ఘాటుకే అనుకున్నాను నా కళ్ళల్లో నీళ్ళు.
కాదు.

అతని చెయ్యి నా చెంప దాకా వచ్చి ఆగిపోయింది.
"ఉండు" అన్నాడు.
మిరప మంట నీళ్ళకు వదలదు.
బజ్జీల బండి దగ్గర చెంచాడు నూనె అడిగి
వేళ్ళ సందులన్నీ రుద్దాడు,
కొళాయి దగ్గర సబ్బు, మళ్ళీ నూనె, మళ్ళీ సబ్బు,
నాలిక చివర వేలు ఆనించి చూసుకుని
ఇంకోసారి.
వచ్చేసరికి నా చెంపలు ఆరిపోయాయి.
"ఆలస్యమైంది" అన్నాడు.
వెళ్ళిపోలేదుగా, అనుకున్నాను.
అప్పుడు నేనూ నా గోడ చూపించాను,
చెవిదుద్దుతో మొదలుపెట్టి.
మధ్యలో అతను నవ్వలేదు. చివర్లో నవ్వాడు.
రిక్షా స్టాండు పక్కన, కళ్ళు తెరిచే ప్రార్థన చేశాం.
మాటలు పెద్దగా రాలేదు.

మూడో ఆదివారం.
అదే కాగితం, అదే ఫ్యాను.
మగవాళ్ళ వైపు, పాటల పుస్తకం అంచున
అతని గోళ్ళు ఇంకా కొంచెం ఎర్రగానే ఉన్నాయి.
నా అభ్యంతరమూ పూర్తిగా పోలేదు,
పెళ్ళయ్యాకా ఉంటుంది.
కానీ మా కంటే ముందే
ఇద్దరి మీదా ఉన్న ఫిర్యాదులన్నీ విని
సరే, రండి అన్నవాడొకడున్నాడు.
ఆ నిశ్శబ్దంలో ఆయన మాత్రం కూర్చునే ఉన్నట్టనిపించింది.

రాత్రి అమ్మ సామాన్ల జాబితా చదివించింది:
పట్టెమంచం, బిందెలు, ఇనప బీరువా.
అడుగున నేను ఒకటి కలిపాను.
కొళాయి పక్కన పెట్టడానికి
చిన్న నూనె సీసా.